అద్దెకివ్వని పులి

"ఫైజాన్..."

పలుకు లేదు.

"ఫైజాన్ గారూ... లోపల ఉన్నది మీరేనా?"

తెర కదిలింది. గాలికి కదిలినట్టు కాదు — అవతల ఎవరో బరువుగా ఊపిరి వదిలితే కదిలినట్టు. ఆ వెనకే నేల చెక్కల మీద గజ్జెలు ఒక్కసారి... ఘల్లుమన్నాయి. అంతే. మళ్ళీ ఏమీ లేదు.

బాను చేతిలోని నారింజ రంగు దారపు రీలు జారి కింద పడింది. పడి, దొర్లుకుంటూ, తెర కిందనుంచి లోపలికి పోయింది.

అది మూడో గది.

ఆ గది సంగతి తెలియని తెలుగువాళ్ళు అప్పట్లో సిడ్నీ పక్క పారమట్టాలో లేరనే చెప్పాలి. స్టేషన్‌కి అవతలి పక్క సందులో, క్షౌరం కొట్టుకీ రొట్టెల కొట్టుకీ మధ్య, జాఫర్ గారి వేషాల దుకాణం. రాజు కావాలన్నా, రాక్షసుడు కావాలన్నా, రెక్కల దేవకన్య కావాలన్నా అక్కడ అద్దెకు దొరుకుతుంది. వేసుకుని చూసుకోడానికి మూడు గదులు. ముందువి రెండూ చిన్నవి, మామూలువి. వెనకాల సందువైపు ఉండే మూడోది మాత్రం పెద్దది. ఒకప్పుడు ఎవరో డాన్సు నేర్పిన హాలట. గోడంత అద్దం, చెక్క నేల, తలుపు బదులు మందపాటి మెరూన్ తెర. పైన ఎత్తులో ఒక్కటే కిటికీ.

చీకటి పడ్డాక ఆ గదిలో ఎవరో తిరుగుతారని చెప్పుకునేవాళ్ళు.

అది ఏడాదికోసారే వస్తుందట. వచ్చి, కొన్ని రాత్రులుండి, పోతుందట. దెయ్యానికి కూడా యాన్యువల్ లీవు ఉందని కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. కానీ ఎప్పుడొస్తుందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఒకాయన గడ్డకట్టే చలిలో విన్నానంటాడు. ఇంకొకామె, కాదు, ఆకులు రాలే రోజుల్లో అంటుంది. రొట్టెల కొట్టు గ్రీకు ముసలమ్మ మాత్రం, "ఏడాదికేడాది కాస్త ముందే వస్తోంది... దానికేదో తొందరగా ఉంది," అని గొంతు తగ్గించి చెప్పేదట.

జ్ఞానప్రసూన ఆంటీ అయితే చెవులారా వింది. ఆవిడ పెద్ద డాక్టరు. కూతురు అపూర్వ స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ ఉందని కిరీటం కోసం వచ్చి, తెర ఎత్తబోతే... లోపలినుంచి గుర్రుమని ఒక గాండ్రింపు.

"నేను సైన్సు చదువుకున్నదాన్ని, దెయ్యాల్ని నమ్మను," అని ఉగాది ఫంక్షన్లో పులిహోర ప్లేటు పట్టుకుని అందరికీ చెప్పింది. "కానీ ఆ రోజు కారు ఎలా నడిపానో, ఇల్లెలా చేరానో నన్నడక్కండి."

ఇక జాఫర్ గారు — ఆయన ఉందనీ అనడు, లేదనీ అనడు. ఎవరైనా అడిగితే గడ్డం దువ్వుకుంటూ, "పాత బిల్డింగు కదబ్బా... సాయంత్రం పూట ఆ గదిలోకి పోకుండా ఉంటే మంచిది," అని వేరే మాటలోకి దిగేవాడు.

బాను ఆయన చెల్లెలి కూతురు. ఇంటర్‌తో చదువాపి నెల్లూరులో ఖాళీగా ఉంటే, పోయిన చలికాలంలో మామూ టిక్కెట్టు పంపి పిలిపించుకున్నాడు. వచ్చిన మర్నాడే ఆమెకు మామూ నేర్పిన పని — వాసన చూడటం.

అవును, వాసనే. అద్దెకు పోయిన బట్టలు తిరిగొస్తే ఈ కొట్లో ముందు ముక్కు దగ్గర పెట్టుకోవాలి. బీరు వాసనైతే ఒక గంప, మాంసం కాల్చే బార్బెక్యూ పొగ వాసనైతే ఇంకో గంప, చెమటైతే మరో గంప. ఒక్కోదానికి ఒక్కో రకం ఉతుకు. కొన్నాళ్ళకే బానుకి ఎంత పట్టు వచ్చిందంటే, సిండ్రెల్లా గౌను వాసన చూసి ఆ పిల్ల ఏ కేకు తిన్నదో చెప్పేది.

ఫైజాన్ తెచ్చిచ్చే బట్టలకు మాత్రం ఏ వాసనా ఉండేది కాదు. సబ్బు వాసన... అంతే. పైగా ఇస్త్రీ మడతలతో వచ్చేవి. ఎంత శుభ్రమైన మనిషో అనుకుని, ఆ మడతలు విప్పబుద్ధి కాక, బాను వాటిని కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. సముద్రపు దొంగ చొక్కాని ఒళ్ళో పెట్టుకుని కలలు కన్న ఆడపిల్ల ప్రపంచంలో ఈమె ఒక్కతే అయ్యుండాలి.

ఫైజాన్‌ది కావలి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే భయం పనిమీద వచ్చాడు. లోకమంతా భయపడ్డ ఆ రాత్రి ఏమీ జరక్కుండానే వెళ్ళిపోయింది కదా, దాన్ని నమ్ముకుని విమానం ఎక్కొచ్చిన కుర్రాళ్ళందరూ ఇప్పుడు డాట్ కామ్ అనే ఇంకో దెయ్యాన్ని పట్టుకున్నారు. ఇతని కొత్త కంపెనీ కంప్యూటర్లో కూరగాయలు అమ్ముతుందట. వంకాయని నొక్కి చూడకుండా ఎవరు కొంటారని బాను ఒకసారి అడిగింది కూడా.

ఆ సోమవారం సాయంత్రం అతను వచ్చి, మామూలుగానే కౌంటరు మీద వేళ్ళతో ఏదో దరువు వేస్తూ నిలబడ్డాడు.

"ఈసారి ఏం కావాలి?" అంది బాను. "సముద్రపు దొంగ అయిపోయారు. వంటవాడు అయిపోయారు. క్రిస్మస్ తాత కూడా అయిపోయారు."

"ఆ తాత వేషం బాగా కుదిరిందన్నారండీ ఆఫీసులో."

"ఎట్లా కుదిరింది? పొట్టకు కట్టుకునే దిండు ఇక్కడే మర్చిపోయి పోతిరి కదా."

ఫైజాన్ చెవులు ఎర్రబడ్డాయి. "సన్నటి తాత... అన్నారు."

బాను నవ్వు ఆపుకుంది.

"శనివారం మా కంపెనీ కార్నివాల్ అండీ," అన్నాడు. "వెబ్‌సైట్ ఓపెనింగ్. నది ఒడ్డున రంగుదీపాలు, డ్రమ్ములు... అందరూ వేషాల్లోనే రావాల. అందుకని... పులి ఉందా?"

బాను చెయ్యి ఆగిపోయింది.

పులి ఉంది. మూడో గదిలో మేకుకి వేలాడుతూ ఉంది — నారింజ రంగు ఒళ్ళు, నల్ల చారలు, మనిషి మొహం పట్టేంత నోరు తెరుచుకున్న తల. కానీ దాన్ని ఎవరికీ ఇవ్వకూడదని మామూ మాట. ఎవరడిగినా ఉతకడానికి పోయిందని చెప్పాలి. ఆమె వచ్చిన దగ్గర్నుంచీ ఆ పులి ఉతకడానికి పోతూనే ఉంది.

"పులే ఎందుకు?" అంది.

"ఇప్పుడు మా ఊళ్ళో పులులు తిరుగుతుంటాయండీ, పీర్ల పండగ కదా. చిన్నప్పుడు మా వీధి పులికి నేనే డబ్బా మీద దరువేసేవాణ్ణి."

"మరి మీరెప్పుడూ పులి కాలేదా?"

"మా ఇంట్లో మొక్కు లేదండీ. మొక్కు పులంటే అంత తేలిక కాదు. తల పెట్టుకున్నాక మళ్ళీ తీసేదాకా నోరు విప్పకూడదు. కన్నతల్లి పేరు పెట్టి పిలిచినా పలకకూడదు. పలికితే మొక్కు చెడిపోద్ది."

"అయితే నేను పులిని ఇస్తే... నేను పిలిచినా పలకరన్నమాట."

"మీరు పిలిస్తే..." అని ఆగాడు. దీర్ఘంగా ఆలోచించాడు. చివరికి, "పలకనండి," అన్నాడు.

ఇటువంటి మనిషిని పట్టుకుని ఏం చెయ్యాలి. ఆ రాత్రి బానుకి కోపంతో నిద్ర పట్టలేదు. కోపంతోనేనా అంటే... ఆ మాట ఆమెనే అడగాలి.

ఎందుకంటే అప్పటికి ఆమె దగ్గర ఆదివారం దాకానే టైముంది. మెల్‌బోర్న్‌లో పళ్ళ డాక్టరు ఫర్హాన్ సంబంధం వచ్చింది. ఫొటోలో పళ్ళు బాగున్నాయి. పీర్ల నెలలో పెళ్ళిమాటలు వద్దని మామీ అంది గానీ, వాళ్ళు సోమవారం ఇండియాకి విమానం ఎక్కుతున్నారు, ఆదివారం ఫోన్లో ఏదో ఒకటి చెప్పమన్నారు. "నీ ఇష్టమే బేటీ, కాదంటే ఎందుకో చెప్పు చాలు," అన్నాడు మామూ. ఏం చెప్పాలి? ఒకతను దొంగ వేషం ఇస్త్రీ చేసి తెచ్చిచ్చాడని చెప్పాలా?

అతను ఒక్కమాట అంటే చాలు. కానీ కౌంటరు దగ్గర అనడు. ఎప్పుడూ జనం, ఎప్పుడూ మామూ.

అందుకే మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "పులి ఉందండీ. శుక్రవారం కొట్టు కట్టేసే వేళకి రండి. మామూ ఆ సాయంత్రం ఆబర్న్ పోతారంట. తోక మరీ పొడుగ్గా ఉంది, కుట్టివ్వాల. నేను కనపడకపోతే నేరుగా మూడో గదిలోకి పోయి వేసుకోండి."

"మూడో గదిలోకా... ఒక్కణ్ణేనా?"

"పులికి భయమేందండీ."

శుక్రవారం పొద్దున టిఫిన్ డబ్బాతో పాటు మామీ ఒక నిమ్మకాయ ఇచ్చింది. "మూడో గదిలో అద్దం ముందు పెట్టు. దిష్టికి," అంది. మామీ దిష్టి గురించి మాట్లాడటం బాను అంతకుముందు వినలేదు. సరే అని పెట్టింది.

మధ్యాహ్నం తీరిక చూసుకుని, తోక కొలుద్దామని పులిని మేకు మీదనుంచి దించింది. అలవాటు కొద్దీ లోపలి బట్టని ముక్కు దగ్గర పెట్టుకుంది.

చెమట వాసన.

పాతది కాదు. నిన్నటి చెమట. మెడ దగ్గర వేలితో తాకితే... ఇంకా తడి.

నెలల తరబడి ఎవరికీ ఇవ్వని పులి అది. మేకు మీదనుంచి దిగని పులి. మరి దీని లోపల రాత్రి ఎవరున్నారు?

బాను దాన్ని చటుక్కున మేకుకి తగిలించి, వెనక్కి చూడకుండా ముందు కొట్లోకి వచ్చేసింది. పట్టపగలు, రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. అయినా ఆ తడి తగిలిన వేలిని మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది. అప్పుడే ఫైజాన్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పి ఉండాల్సింది. కానీ ఆదివారం... ఆ ఆదివారం దెయ్యం కంటే దగ్గర్లో ఉంది.

సాయంత్రం మామూ కోటు వేసుకుని, "పోయొస్తా బేటీ, తొందరగా కట్టేసి ఇంటికి పో," అని బయల్దేరాడు. ఏప్రిల్ నెల — అక్కడ పొద్దు ఇట్టే కుంగిపోతుంది. సందు మీద సగం దాటిన చంద్రుడు అప్పుడే వచ్చి కూర్చున్నాడు. చూస్తే నారింజ దారం అయిపోయింది. బాను ముందు తలుపు దగ్గరగా వేసి, స్టేషన్ పక్క కొట్టుకి పరిగెత్తింది.

తిరిగొచ్చేసరికి తలుపు వేసింది వేసినట్టే ఉంది. లోపల చీకటి. మూడో గది దగ్గర స్విచ్ నొక్కింది. టిక్... వెలగలేదు. మళ్ళీ నొక్కింది. టిక్.

అప్పుడే పిలిచింది, ఫైజాన్ అని. అప్పుడే గజ్జెలు ఘల్లుమన్నాయి.

ఇప్పుడు దారపు రీలు లోపల ఉంది. బాను బయట ఉంది. మధ్యన తెర.

పారిపోదామనుకుంది. కానీ, రెండు వేళ్ళతో తెరని కొంచెమే... దారం పట్టేంత సందు చేసి చూసింది.

పైకిటికీ నుంచి వెన్నెల ఒక చారలా పడుతోంది. అద్దం ముందు పులి. వీపు ఇటు తిప్పి, కదలకుండా, రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది. అద్దంలో దాని తెరిచిన నోరు — ఆ నోట్లో చీకటి తప్ప ఏమీ లేదు.

బాను తెర వదిలెయ్యబోయింది... అంతలో గుర్తొచ్చింది.

పలకకూడదు కదా. తల పెట్టుకున్నాక, పేరు పెట్టి పిలిచినా పలకకూడదు. పలకనని చెప్పనే చెప్పాడు. చూడు, ఎంత మాట మీద నిలబడ్డాడో. గజ్జెలు కూడా తెచ్చుకున్నాడు, పెద్దమనిషి.

పొట్ట కాస్త ముందుకొచ్చినట్టుంది. కంపెనీలో ఊరికే పెట్టే పిజ్జాలు మరి.

"సరే, పలకొద్దులెండి," అంది, సన్నగా నవ్వుతూ. "ఎంతసేపు పలకరో నేనూ చూస్తా."

పులి వెనక్కి తిరక్కుండానే ఒక పంజా ఎత్తి ఊపింది. పో, పో, అన్నట్టుగా. గట్టిగానే ఊపింది. బానుకి అది సరసంగా కనిపించింది. ఆ వయసులో కళ్ళకి అలాగే కనిపిస్తుంది, ఎవరి తప్పూ లేదు.

తెర వదిలేసి, బయటి స్టూలు మీద కూర్చుంది. మొహాలు కనిపించకపోతేనే కొన్ని మాటలు వస్తాయి.

"ఒక రకంగా మంచిదే. మీరు నోరు తెరవకూడదు కాబట్టి, నేను చెప్పేది మధ్యలో ఆపలేరు..."

లోపల గజ్జెలు ఒకసారి గబగబా మోగాయి.

"ఆదివారం మెల్‌బోర్న్ వాళ్ళకి జవాబు చెప్పాలంట. మామూ నా ఇష్టమన్నారు. మామూ చాలా మంచివారు. ఆయన పెట్టిన అన్నం తింటూ ఆయన ముందు అబద్ధం చెప్పలేను, నిజం చెప్పడానికి నోరు రాదు. ఆయన్ని చూస్తే నాకు కొంచెం భయం కూడా. ఆయన గురక గురించి నేనూ మామీ నవ్వుకుంటాం గానీ... భయమే."

తెర అవతల ఒక నిట్టూర్పు.

"మీరు ఆ వేషాలు తెచ్చిచ్చినప్పుడు... నేను వెంటనే గంపలో వెయ్యను. కాసేపు నా దగ్గరే పెట్టుకుంటాను. ఎందుకో మీకు తెలియాలి. మీరు ఎప్పటికీ అడగరు, అందుకే నేనే చెప్తున్నా. ఆ పళ్ళ డాక్టర్ని నేను చేసుకోలేను. నాకు... మీరంటే ఇష్టం."

అనేసింది. చీకట్లో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

లోపల గజ్జెలు లేవు. ఊపిరి కూడా లేదు.

అప్పుడు — ముందు తలుపు గంట మోగింది.

"బాను గారూ... సారీ అండీ. బ్లాక్‌టౌన్‌లో ట్రెయిన్ మిస్సయ్యాను. ఎవరూ లేరా? బాను గారూ..."

అది ఫైజాన్ గొంతు.

ఫైజాన్ గొంతు ముందు గుమ్మంలో ఉంది.

మరి... లోపల?

బాను స్టూలు మీదనుంచి లేవాలనుకుంది. కేక వెయ్యాలనుకుంది. మధ్యాహ్నం వేలికి తగిలిన ఆ తడి... ఇప్పుడు వెన్నంతా పాకింది. తన మనసులో మాట, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బయటపెట్టిన మాట — ఎవరితో చెప్పింది? దేనితో?

ఫైజాన్ గొడుగు చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. ఆమె మొహం చూశాడు. ఆమె వేలు తెరవైపు చూపించింది.

ఘల్... ఘల్...

అడుగు తీసి అడుగు వేస్తూ, గజ్జెలు దగ్గరకొచ్చాయి. తెర అంచుని నారింజ రంగు పంజా పట్టుకుంది. మెల్లగా పక్కకి లాగింది.

గుమ్మం నిండా పులి.

గుర్రుమంది.

ఫైజాన్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఏమనుకున్నాడో రెండడుగులు ముందుకొచ్చి, బానుకీ పులికీ మధ్య నిలబడి గొడుగు అడ్డంగా పట్టుకున్నాడు. అక్కణ్ణుంచి జరగలేదు. బాను ఆ భయంలో కూడా ఆ సంగతి గమనించింది.

పులి అతన్ని చూసింది. ఆమెను చూసింది. తల అడ్డంగా ఊపి, ఇక తప్పదన్నట్టు వెనక్కి తిరిగి, అద్దం ముందుకెళ్ళి, కుడికాలు ముందుకేసింది. ఆగింది. ఎడమకాలు దాని వెనక. భుజం వంచి, పంజా నేలకి రాసి, నడుము తిప్పి... మళ్ళీ కుడికాలు.

ఫైజాన్ గొడుగు కిందికి దిగిపోయింది.

"ఇది..." అని గుసగుసగా అన్నాడు. "బాను గారూ, ఇది పులి అడుగు. మా వీధి పులి అడుగు."

అతను అటూ ఇటూ చూశాడు. బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ డబ్బా మూల ఖాళీగా ఉంది. దాన్ని బోర్లించి, మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళతో మొదలుపెట్టాడు. కౌంటరు మీద రోజూ వేసే ఆ దరువే... ఇప్పుడు పూర్తిగా.

మొదటి దెబ్బకి పులి ఉలిక్కిపడింది. నిలబడిపోయింది. వెన్నెల్లో దాని భుజాలు ఒకసారి పైకి లేచి, దిగాయి. తర్వాత ఆడింది చూడండి — నేల చెక్కలు అదిరాయి, అద్దం అదిరింది, పక్క కొట్లో గ్రీకు ముసలమ్మ తలుపు ధడాలున వేసుకున్న చప్పుడు వినపడింది. డబ్బా మోగేకొద్దీ పులి చెలరేగింది. దెయ్యం అయితే ఇంత సంతోషంగా ఉండదు... అని బానుకి ఎందుకో అనిపించింది.

ఆఖరికి పులి అద్దం ముందున్న నిమ్మకాయ దగ్గర ఆగింది. చేతులు వెనక్కి కట్టుకుని, పులి ఆట ముగింపులో చేసినట్టే, నోటితో అందుకోడానికి వంగింది. ఇంకా వంగింది. మోకాలు కటుక్కుమంది.

"హుఁ... హమ్మా..."

ఆ మూలుగు.

రోజూ పొద్దున బూట్లు వేసుకుంటూ వంగినప్పుడు, బాను ఇంట్లో వినే మూలుగు.

బాను రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. లోపలున్నది దెయ్యం అయినా బాగుండేదని, మనస్ఫూర్తిగా, ఆ క్షణంలో అనుకున్నదట.

పులి నిమ్మకాయ పళ్ళతో అందుకుని లేచింది. డబ్బా ఆగింది. రెండు పంజాలూ ఎత్తి తల తీసింది. చెమటకి తడిసి ముద్దయిన గడ్డంతో, నోట్లో నిమ్మకాయతో, జాఫర్ మామూ.

కాయ తీసి, ఊపిరి కూడగట్టుకున్నాడు.

"మా అమ్మ మొక్కు," అన్నాడు. "చిన్నప్పుడు విషజ్వరం వచ్చి పోయేవాణ్ణి. బతికితే, కాళ్ళు ఆడినంత కాలం పీర్ల పండక్కి పులి కట్టిస్తానని మొక్కుకుంది. ఆమె పోయింది. నేను ఈ దేశం వచ్చా. కాళ్ళు ఆడుతున్నాయి కదా మరి. ఒంటికి రంగు పూసుకుంటే మీ మామీ దుప్పట్లు ఏం కావాల... అందుకని ఈ పులి. పండగ చంద్రుడి లెక్కన ఏడాదికేడాది ముందుకు జరిగితే, దాంతో పాటే నేనూ జరిగా."

"ఆబర్న్ పోతున్నానన్నారు..." బాను వేళ్ళ సందులోంచి అంది.

"వెనక సందు తలుపులోంచి వచ్చి బల్బు నేనే తీశా. రోజూ చేసే పనే ఈ నాలుగు రోజులూ."

"జనం అంతా దెయ్యమంటుంటే కాదనలేదేం మామూ?"

"కాదంటే గది తెరిచి చూపించాల. ఇక్కడోళ్ళు చూస్తే నవ్వుతారు, మనోళ్ళు కొందరు చూస్తే ఇవన్నీ ఎందుకంటారు. దెయ్యం అనుకుంటే ఎవరూ రారు. ఒక్క డాక్టరమ్మ వచ్చింది, ఆమెను గుర్రుమని పంపించా. పాపం." తడి గడ్డం తుడుచుకున్నాడు. "ఇది మీ మామీకి కూడా తెలీదు. చెప్పబాక."

బాను ఆయన చేతిలో, పొద్దున మామీ పంపిన నిమ్మకాయ చూసింది.

"ఇన్నేళ్ళూ దరువు లేకుండానే ఆడా," అన్నాడాయన, డబ్బా వైపు చూస్తూ, కొంచెం మెత్తగా. అంతలోనే గొంతు సవరించుకుని పెద్దమనిషి అయిపోయాడు. పులి ఒంట్లో ఉండి పెద్దమనిషి అవ్వడం కష్టమే, తోక అడ్డొస్తుంది. అయినా అయ్యాడు. "నా గురక సంగతి తర్వాత మాట్లాడతా. ముందు నువ్వు చెప్పు అబ్బాయ్. ఏం పనిమీద వచ్చావు?"

ఫైజాన్ లేచి నిలబడ్డాడు. "పులి కోసమండీ. రేపు కార్నివాల్..."

"ఆగు. బాను నిన్నగాక మొన్న వచ్చింది. నేను ముప్పొద్దులా బట్టల వాసన చూసే బతికా. నువ్వు తెచ్చిచ్చిన దొంగ చొక్కా చూశా, వంటవాడి కోటు చూశా. బీరు లేదు, పొగ లేదు, కనీసం చంకలో చెమట లేదు. నీకు పొట్ట లేదు, దిండు లేదు, కానీ తాత వేషం కుదిరిందంట. ఇవన్నీ వేసుకుని ఏ పార్టీలకు పోతావయ్యా నువ్వు?"

ఫైజాన్ నేల వైపు చూశాడు. వేళ్ళు ఒకదానితో ఒకటి దరువు వేసుకుంటున్నాయి.

"ఆదివారం నేను ఫోన్ ఎత్తి ఏదో ఒకటి చెప్పాల," అన్నాడు జాఫర్ మామూ. "ఆ పిల్ల చెప్పాల్సింది చెప్పేసింది. ఎవరికి చెప్పిందనేది వదిలెయ్. అది మగ గొంతులో కూడా ఒకసారి వినాలని ఉంది. తల తీసేశా, ఇప్పుడు ఎవరైనా పలకొచ్చు."

బాను మొహం మీంచి చేతులు తీసింది.

చంద్రుడు కిటికీలో కొంచెం పక్కకి జరిగాడు. దారపు రీలు అద్దం కింద మెరుస్తోంది. ఎక్కడో నది వైపునుంచి ట్రెయిన్ కూత.

"కార్నివాల్ మంగళవారమే కాన్సిలయిందండీ," అన్నాడు ఫైజాన్. ఈసారి మధ్యలో ఆగలేదు. "ఆ ముందు పార్టీలు అసలు లేనే లేవు. ఆ బట్టలు ఒక్కటీ వేసుకోలేదు. మా గదిలో తలుపుకి తగిలించి పెట్టుకునేవాణ్ణి, అంతే. బాను గారి కోసం... తిరిగి ఇవ్వడానికి మళ్ళీ రావచ్చని తీసుకెళ్ళేవాణ్ణండీ."